పొగ ఎప్పుడు వస్తోందో ముందు చూడండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ: బండి ఆయిల్ తాగుతోంది. అందుకే ఈసారి బ్యాటరీ, బ్రేకుల ప్రశ్నలు పక్కన పెట్టి, జవాబులన్నీ దీని మీదే ఇస్తున్నాను. ఆటోనగర్‌లో బోరింగ్ మెషీన్ మీద బతికిన మనిషిని కాబట్టి ఒక మాట ముందే చెప్పాలి. నా దగ్గరికి వచ్చే బ్లాకుల్లో, అంటే పిస్టన్ ఆడే సిలిండర్లలో, కొన్నింటికి అసలు బోరింగ్ (అరిగిన లోపలి గోడను కోసి కొంచెం పెద్దది చేయడం) అవసరం ఉండదు. కొలిచి చూసి వెనక్కి పంపేస్తుంటాను.

ప్రశ్న: నాది 2009 మోడల్ స్ప్లెండర్ ప్లస్. పాడేరు దగ్గర టీచరుగా పనిచేస్తున్నాను. తరచూ ఘాట్ దిగి చోడవరం వెళ్లి వస్తుంటాను. ఏడాదిగా బండి ఆయిల్ తాగుతోంది. ఇంజన్ బోరుకొచ్చిందని చెప్పి మెకానిక్ బ్లాకు, పిస్టన్, రింగులు అన్నీ కొత్తవి వేశాడు. నెల దాటింది. ఇప్పటికీ పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పుమని నీలం పొగ వస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. ఘాట్ దిగి కింద యాక్సిలరేటర్ ఇవ్వగానే మళ్లీ అలాగే. మామూలు రోడ్డు మీద పొగ కనబడదు, పికప్ కూడా బాగుంది. కొత్త బ్లాకు నాసిరకమా? మళ్లీ మార్పించాలా?

— ఒక ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: మాస్టారూ, బ్లాకును మళ్లీ ముట్టుకోనివ్వకండి. మీ జబ్బు బ్లాకులో లేదు, దాని మీద కూర్చునే హెడ్డులో, వాల్వులుండే చోట ఉంది. మీరు రాసిన వివరాల్లోనే ఆ సంగతి తెలిసిపోతోంది.

మన నాలుగు స్ట్రోకుల బండ్లలో ఆయిల్ మంట మండే చోటికి చేరడానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి కింది దారి. పిస్టన్ రింగులైనా, బోరు (సిలిండర్ లోపలి గోడ) అయినా అరిగితే, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) దగ్గరి ఆయిల్ పిస్టన్ పక్కనుంచి పైకి ఎక్కుతుంది. ఇంజన్ బరువు లాగుతున్నంతసేపూ ఇది సాగుతూనే ఉంటుంది కాబట్టి పొగ కూడా ఆగకుండా వస్తుంది, పికప్ పడిపోతుంది. రెండోది పై దారి. హెడ్డులో వాల్వులను కదిలించే క్యామ్‌షాఫ్ట్‌కు, రాకర్లకు అందే ఆయిల్ వాల్వ్ కాడ వెంబడి కిందికి జారకుండా చిన్న రబ్బరు సీలు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు గట్టిపడి పట్టు వదిలేస్తుంది. రాత్రంతా బండి నిలబడి ఉంటే ఆయిల్ కొద్దికొద్దిగా కాడ వెంట దిగి చేరుతుంది. పొద్దున కిక్కు కొట్టగానే అదంతా ఒక్కసారిగా కాలిపోతుంది. అక్కడితో పొగ ఆగిపోతుంది.

ఘాట్‌లో జరిగేది కూడా ఇదే. గేరులో ఉంచి, యాక్సిలరేటర్ మూసి దిగుతుంటే ఇంటేక్ పైపులో పీల్పు బాగా పెరుగుతుంది. గాలి వచ్చే దారి మూసుకుపోయింది, పిస్టన్ మాత్రం లాగుతూనే ఉంది. ఆ లాగుడికి ఇంటేక్ వాల్వ్ గైడు (వాల్వ్ కాడ ఆడే గొట్టం) సందులోంచి ఆయిల్ లోపలికి వస్తుంది. కిందికి చేరి యాక్సిలరేటర్ తిప్పగానే మీ వెనక నీలం మబ్బు లేస్తుంది. దిగుడులో వచ్చే పొగకు ఒక్కోసారి ఆయిల్ రింగు కూడా కారణం కావచ్చు. కానీ మీ రింగులు కొత్తవి, పికప్ బాగుంది, పొద్దుటి పొగ వచ్చి వెంటనే పోతోంది. ఈ మూడూ కలిసినప్పుడు నా వేలు వాల్వ్ సీళ్ల వైపే చూపిస్తుంది.

నిర్ధారణకు మీరే ఒక పరీక్ష చేసుకోవచ్చు. పది కిలోమీటర్లు నడిపి ఇంజన్ బాగా వేడెక్కాక మెయిన్ స్టాండు వేయండి. రెండు మూడు నిమిషాలు స్లోలో వదిలేయండి. ఒకరిని వెనక నిలబెట్టి, ఒక్కసారి రేజ్ చేయండి. మొదటి రేజ్‌కు గుప్పుమని పొగ వచ్చి, రెండోదానికి, మూడోదానికి తగ్గిపోతే సీళ్లే. ఎన్నిసార్లు రేజ్ చేసినా అంతే పొగ వస్తుంటే మళ్లీ కింది దారి వైపు చూడాలి.

మీ ప్రాంతపు చలి గురించి కూడా చెప్పాలి. లంబసింగి, పాడేరు వైపు డిసెంబరు, జనవరి పొద్దుల్లో ఏ బండి సైలెన్సర్‌లోంచైనా తెల్లగా పొగలాంటిది వస్తుంది. అది నీటి ఆవిరి. గాలిలో వెంటనే కరిగిపోతుంది, వాసన ఉండదు. ఆయిల్ పొగ నీలంగా ఉండి కాసేపు గాలిలో తేలుతుంది, కళ్లు మండుతాయి. సందేహం ఉంటే సైలెన్సర్ చివర తెల్ల కాగితం పట్టండి. జిడ్డు మరకలు పడితే ఆయిల్, ఊరికే తడిస్తే నీరు.

ఇక చేయించాల్సిన పని. హెడ్డు దించి వాల్వులు బయటికి తీయాలి. సీళ్లు మార్చే ముందు గైడు చూడమనండి, ఇక్కడ చాలామంది తొందరపడతారు. వాల్వును గైడులో కొంచెం పైకి లేపి పట్టుకుని అటూఇటూ కదిపితే ఊగులాట తెలుస్తుంది. గైడు అరిగి వాల్వు ఊగుతుంటే కొత్త సీలు కూడా ఎక్కువకాలం నిలవదు, ఊగే కాడ దాన్ని చీల్చేస్తుంది. అప్పుడు గైడు కూడా మార్పించాలి. హెడ్డును వేడి చేసి గైడు దించే పని లేత్ షాపులోనే చేయించండి. గైడు మారితే వాల్వు ఆనే సీటు కట్ చేయించి, వాల్వు ల్యాపింగ్ (సీటుకు అతికేలా నూరడం) చేయాలి. బిగించే ముందు హెడ్డును తిరగేసి ఇంటేక్, ఎగ్జాస్ట్ దారుల్లో కొంచెం పెట్రోలు పోసి చూడండి. వాల్వు పక్కనుంచి చుక్క కారకపోతే సీటు బాగున్నట్టు.

హెడ్డు ఎత్తేటప్పుడు కొత్త బ్లాకు కదలకుండా పట్టుకోమని మరీ మరీ చెప్పండి. అది కదిలితే కింది గ్యాస్కెట్ చెడుతుంది, మళ్లీ ఇంకో లీకు మొదలవుతుంది. హెడ్డు గ్యాస్కెట్ కొత్తది వేయాలి. టైమింగ్ మార్కులు కలిశాక, ఇంజన్ చల్లగా ఉండగా టాపెట్లు (వాల్వుకూ రాకర్‌కూ మధ్య ఖాళీ) పెట్టాలి. పని అయ్యాక కూడా కొన్నాళ్లు పొగ కనబడితే కంగారు పడకండి. సైలెన్సర్ లోపల ఇన్నాళ్లూ పేరుకున్న ఆయిల్ కాలిపోవాలి కదా.

పాత బ్లాకు, పాత పిస్టన్ మెకానిక్ దగ్గరుంటే అడిగి తెచ్చుకోండి, అవి మీ సొత్తు. బహుశా ఆ బ్లాకులో ఇంకా ప్రాణం ఉంది. శుభ్రం చేసి, ఆయిల్ రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెట్టండి. ఎప్పుడో ఒకరోజు బోరింగ్‌కు పనికొస్తుంది.

పని అయ్యేదాకా వారానికోసారి ఆయిల్ చూసుకోండి. మీ బండికి ఆయిల్ తగ్గితే వెలిగే దీపం లేదు. సమతలం మీద మెయిన్ స్టాండు వేసి, ఇంజన్ రెండు నిమిషాలు నడిపి ఆపి, ఇంకో రెండు నిమిషాలు ఆగండి. గేజ్ తీసి తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. మర తిప్పి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. ఆయిల్ బాగా తగ్గితే మొదట దెబ్బ తినేది హెడ్డులో క్యామ్‌షాఫ్ట్. అప్పుడు సీళ్లతో పోయే ఖర్చు హెడ్డు మొత్తానికి చేరుతుంది.

ప్రశ్న: నేను గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్‌ని. బండి ప్యాషన్ ప్లస్, 60 వేల కిలోమీటర్లు తిరిగింది. యాక్సిలరేటర్ ఇచ్చినంతసేపూ పొగే. ఇద్దరం ఎక్కితే వెనక వచ్చేవాళ్లు తిడుతున్నారు. 500 కిలోమీటర్లకు పావు లీటరు దాకా ఆయిల్ పోయాల్సి వస్తోంది. ప్లగ్గు మాటిమాటికీ తడిసి నల్లబడుతోంది. ఎయిర్ ఫిల్టర్ బాక్సులో కూడా ఆయిల్ ఉంది. రింగులు మారిస్తే చాలా, బోరింగ్ చేయించాలా, కొత్త కిట్ (బ్లాకు, పిస్టన్, రింగులు కలిపి) కొనాలా?

— ఒక క్వారీ ఉద్యోగి, చీమకుర్తి

జవాబు: మీది పాడేరు మాస్టారి కేసుకు పూర్తిగా ఎదురు. లాగుతున్నంతసేపూ పొగ, తడి ప్లగ్గు, ఫిల్టర్ బాక్సులో ఆయిల్. ఇవన్నీ కింది దారినే చెబుతున్నాయి. మంట గదిలోని గ్యాస్ రింగుల పక్కనుంచి కిందికి తన్ని, క్రాంకు గదిలో ఒత్తిడి పెంచి, బ్రీతర్ పైపు (ఆ గదిలోని గాలి బయటికి పోయే గొట్టం) గుండా ఆయిల్‌ను మోసుకుని ఫిల్టర్ బాక్సులోకి వస్తోంది. ఇంజన్ స్లోలో ఉండగా బ్రీతర్ పైపును బాక్సు దగ్గర ఊడదీసి వేలు అడ్డం పెట్టి చూడండి. గట్టిగా తన్నుతూ, పొగ కూడా వస్తుంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

మెకానిక్ దగ్గర కంప్రెషన్ గేజ్ ఉంటే ప్లగ్గు రంధ్రంలో పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, నాలుగైదు కిక్కులు కొట్టి అంకె రాసుకోండి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా పెరిగితే రింగులు, బోరు అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. అయితే మీ ఇంజన్‌లో సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ ఒక పక్కకే చేరుతుంది. అందుకే ఈ ఒక్క పరీక్ష మీదే తీర్పు చెప్పకూడదు. దానికన్నా నాకు నమ్మకం గాలి పరీక్ష మీద. పిస్టన్‌ను కంప్రెషన్ పైచివరకు తెచ్చి, క్రాంకు తిరగకుండా గట్టిగా పట్టి, ప్లగ్గు రంధ్రంలోంచి కంప్రెసర్ గాలి ఎక్కించాలి. ఆయిల్ మూత తీసిన చోట బుస్సుమంటే రింగులు. సైలెన్సర్‌లో వినబడితే ఎగ్జాస్ట్ వాల్వు. కార్బురేటర్ వైపు వినబడితే ఇంటేక్ వాల్వు. ఐదు నిమిషాల పనితో, ఇంజన్ విప్పకుండానే జబ్బు ఎక్కడుందో తెలుస్తుంది.

ఇంజన్ విప్పే ముందు ఇంకో చోట చూడాలి. నా దృష్టిలో మీ కథ అంతా అక్కడే మొదలైంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, ఫిల్టర్ తర్వాత కార్బురేటర్‌కు వెళ్లే రబ్బరు పైపు లోపల వేలితో తుడవండి. వేలికి సన్నటి దుమ్ము అంటుకుంటే మీ ఇంజన్ క్వారీ దుమ్మునే పీలుస్తోందన్నమాట. ఫిల్టర్ చిరిగి ఉండొచ్చు, బాక్సు మూత సరిగ్గా కూర్చోకపోవచ్చు, పైపు క్లిప్పు వదులైపోవచ్చు, రబ్బరు పగిలి ఉండొచ్చు. లోపలికి వెళ్లిన ఆ రాతిపొడి, గోడ మీది ఆయిల్‌లో కలిసి సానరాయి మీద గంధం తీసినట్టు బోరును తీసేస్తుంది. ఈ దారి మూయకుండా ఎంత మంచి పిస్టన్ వేసినా మళ్లీ నా దగ్గరికే వస్తారు. కాగితపు ఫిల్టర్ అయితే కడగకండి, మార్చండి. కంపెనీ పుస్తకంలో రాసిన దూరం మామూలు రోడ్లకు. మీ చోట అందులో సగం దూరానికే మార్చాలి. స్పాంజి ఫిల్టర్ అయితే కిరోసిన్‌లో కడిగి, ఆరాక ఆయిల్ పట్టించి, పిండి పెట్టాలి.

ఇక మీ అసలు ప్రశ్న: రింగులా, బోరింగా, కిట్టా? ఇది కొలత చెప్పాలి. నేను గానీ మీ మెకానిక్ గానీ కంటితో చూసి చెప్పకూడదు. మీ ఇంజన్ 97.2 సీసీ, బోరు 50 మిల్లీమీటర్లు. బోర్ గేజ్‌తో పైన, నడుమ, కింద మూడు చోట్ల, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా కొలవాలి. అరుగుదల ఎప్పుడూ పైన, పై రింగు ఆగే చోట ఎక్కువ. ఇంత చిన్న బోరులో పదో వంతు మిల్లీమీటరు తేడా వచ్చినా రింగు గోడను సరిగా పట్టుకోలేదు. గేజ్ లేకపోతే రింగును బోరులో పెట్టి, పిస్టన్ తలతో తిన్నగా లోపలికి నెట్టి, రింగు కొసల మధ్య సందును ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచటి రేకులు) చూడండి. అది అర మిల్లీమీటరు దాటితే ఆ రింగు పని అయిపోయింది. కొత్త రింగు పెట్టినా సందు ఎక్కువే చూపిస్తే అరిగింది బోరు.

బోరు కొలత సరిగ్గా ఉండి, రింగులు మసి పట్టి గాడిలో ఇరుక్కుపోయి ఉంటే అదృష్టం. గాళ్లు శుభ్రం చేసి, కొత్త రింగులు వేసి, సన్నగా హోనింగ్ (రాళ్లతో బోరు గోడ మీద సన్నటి గీతలు పెట్టడం) చేయిస్తే చాలు. హోనింగ్ లేకుండా కొత్త రింగులు వేయకండి. పాత బోరు నున్నగా మెరిసిపోయి ఉంటుంది. ఆయిల్ పట్టి ఉంచే సన్నటి అడ్డగీతలు లేకపోతే కొత్త రింగు దానికి సర్దుకోదు. 60 వేల కిలోమీటర్లు దుమ్ములో తిరిగిన మీ బండికి మాత్రం బోరింగే పడుతుందని నా అంచనా. మొదట 0.25 సైజు (అసలు దానికన్నా 0.25 మిల్లీమీటర్లు పెద్ద) పిస్టన్ కొని, దాన్ని తీసుకుని బోరింగ్ షాపుకు వెళ్లండి. ఉత్త బ్లాకు ఒక్కటే తీసుకెళ్లి ‘పావు సైజు కొట్టండి’ అనకూడదు. చేతిలో ఉన్న పిస్టన్‌ను మైక్రోమీటరుతో కొలిచి, దానికి తగ్గ ఖాళీ ఇస్తేనే అది బోరింగ్. పిస్టన్ అల్యూమినియం, బోరు ఇనుము. వేడికి పిస్టన్ ఎక్కువ ఉబ్బుతుంది. ఖాళీ తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే టకటక కొట్టుకుంటూ మళ్లీ ఆయిల్ తాగుతుంది. చవకరకం కొత్త కిట్ కన్నా, మంచి పిస్టన్‌తో మంచి చేతి బోరింగ్ మేలని నేను గట్టిగా నమ్ముతాను. కంపెనీ అసలు కిట్ కొనే స్తోమత ఉంటే అదీ మంచిదే.

బోరింగ్ అయ్యాక చేసే కడుగుడు గురించి నాకు పట్టింపు ఎక్కువ. హోనింగ్ రాళ్ల పొడి ఆ గీతల్లో దాక్కుని ఉంటుంది. పెట్రోలుతో కడిగితే పైకి శుభ్రంగా కనబడుతుంది గానీ ఆ పొడి పోదు. వేడినీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి, బ్రష్‌తో తోమి, ఆరబెట్టి, వెంటనే ఇంజన్ ఆయిల్ రాసి తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు బూడిదరంగు అంటినంతకాలం మళ్లీ కడగాలి. ఇది మెకానిక్ చేయనంటే మీరే ఇంట్లో చేసి ఇవ్వండి.

రింగులు వేసేటప్పుడు అక్షరం ఉన్న వైపు పైకి రావాలి. మూడు రింగుల కొసలూ ఒకే వరసలో పడకూడదు. ఆయిల్ రింగుకు ఉండే రెండు సన్నటి పట్టీల కొసలు కూడా ఎడంగా ఉండాలి. పిస్టన్ మీది ‘ఇన్’ గుర్తు ఇంటేక్ వైపుకు తిరగాలి. పిస్టన్ పిన్ను లాకులు పాతవి వాడనివ్వకండి. అది ఊడితే కొత్త బోరు నిలువునా గీసుకుపోతుంది. ఇంజన్ తెరిచారు కాబట్టి ఆయిల్ జాలీ, క్రాంకు మీద తిరిగే ఆయిల్ ఫిల్టర్ రోటర్ కూడా విప్పి కడగమనండి. అందులో మట్టి అట్ట కట్టి ఉంటుంది.

తర్వాత గంటల తరబడి స్లోలో వదిలేయడం, ఒకే స్పీడులో హైవే మీద పోవడం రెండూ వద్దు. యాక్సిలరేటర్ పెంచుతూ తగ్గిస్తూ, గేర్లు మారుస్తూ ఒక్కరే నడపండి. 500 కిలోమీటర్లకు ఆయిల్ మార్చేయండి.

ప్రశ్న: నా బండి కొద్దిగా పొగ కొడుతోంది. కంపెనీ 10డబ్ల్యూ 30 పోయమంది. చిక్కగా ఉంటుందని 20డబ్ల్యూ 50 పోస్తే ఆగుతుందా? పొగ ఆపే సీసా మందు కూడా చెబుతున్నారు. ఎలాగూ తాగుతోంది కదా అని ప్రస్తుతం గేజ్ పై గీత దాటేలా పోస్తున్నాను.

— ఒక రైతు, ఆర్మూరు

జవాబు: ముందు ఆ పై గీత దాటిన ఆయిల్ తీసేయండి. మీ పొగకు అదే కారణం కావచ్చు. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలికి నురగ చేస్తుంది, అది బ్రీతర్ గుండా ఫిల్టర్ బాక్సుకు, అక్కడినుంచి ఇంజన్‌లోకి పోతుంది. గీత దగ్గరికి దించి, వెయ్యి కిలోమీటర్లు తిరిగి, ఎంత తగ్గిందో మిల్లీలీటర్లలో కొలిచి రాసుకోండి. మందుల షాపులో దొరికే సిరంజి సరిపోతుంది. 50 లోపు అయితే నేనైతే ఇంజన్ తెరవను. 200 దాటితే ఆలస్యం చేయను.

చిక్కటి ఆయిల్ వల్ల కొన్నాళ్లు పొగ తగ్గినట్టు కనబడుతుంది, అరిగిన రింగు మాత్రం అలాగే ఉంటుంది. పైగా చల్లటి ఇంజన్‌లో ఆ ఆయిల్ హెడ్డు దాకా ఆలస్యంగా చేరుతుంది. సీసా మందు కూడా చేసేది దాదాపు ఇదే, డబ్బు దండగ. కారు ఆయిల్ అసలే వద్దు. మన బండ్ల క్లచ్ ప్లేట్లు ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, జారుడు గుణం ఎక్కువున్న ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. డబ్బా మీద ‘జాసో ఎంఏ’ లేదా ‘ఎంఏ2’ అని, అంటే ఇలాంటి క్లచ్ ఉన్న బండ్లకు పనికొస్తుందనే గుర్తు ఉన్నదే కొనండి. మీది 2020 తర్వాతి బీఎస్-6 బండి అయితే పొగను అసలు నిర్లక్ష్యం చేయకండి. కాలిన ఆయిల్ సైలెన్సర్‌లోని కేటలిటిక్ కన్వర్టర్‌ను, ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది.

ప్రశ్న: నాన్నగారి యమహా ఆర్ఎక్స్ 100 బాగుచేయించి నడుపుతున్నాను. ఇది పొగ కొట్టే బండే అని తెలుసు. కానీ ఈ మధ్య వీధంతా కమ్మేసేంత వస్తోంది. టూటీ ఆయిల్ (పెట్రోలుతో కలిసి కాలే ఆయిల్) తగ్గించి పోసినా తగ్గలేదు. పిస్టన్ మార్చమంటున్నారు.

— ఒక విద్యార్థి, హన్మకొండ

జవాబు: తమ్ముడూ, పిస్టన్ కొనే ముందు గేర్ ఆయిల్ మొత్తం దించి కొలిచి చూడు. పోసిన దానికన్నా తగ్గి, కింద ఎక్కడా లీకు మరక లేకపోతే ఆ ఆయిల్‌ను ఇంజన్ తాగేస్తోంది. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో క్రాంకు గది గాలిని పీలుస్తుంది. దానికి రెండు పక్కలా రబ్బరు సీళ్లుంటాయి. కుడివైపు, క్లచ్ పక్క సీలు పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగబడి ఇలా దట్టంగా పొగ వస్తుంది, వాసన కూడా టూటీ వాసనలా ఉండదు. ఎడమవైపు, మాగ్నెట్ పక్క సీలు పోతే గాలి పీలుస్తుంది. అప్పుడు స్లో నిలవదు, యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ పరుగెడుతూనే ఉంటుంది, వేడెక్కి పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉంది. అందుకే రెండు సీళ్లూ కలిపి మార్పించు.

ఆ బండి తయారీ 1985లో మొదలై 1996లో ఆగిపోయింది. అంటే నీ ఇంజన్‌లోని రబ్బరు ఇంకా మొదటిదే అయితే నీకన్నా పెద్దది. మార్చేటప్పుడు క్రాంకును పైకీ కిందికీ కదిపి చూడమను. బేరింగ్ ఆడుతుంటే అదీ మార్చాలి, లేకపోతే కొత్త సీలు నిలవదు.

టూటీ ఆయిల్ తగ్గించి పోయడం మాత్రం ఈ రోజే ఆపెయ్. ఆ ఇంజన్‌లో పిస్టన్‌కు, క్రాంకుకు దొరికే తడి అదొక్కటే. టూటీ ఆయిల్ పంపు పనిచేస్తుంటే కేబుల్ గుర్తులు కలిపి పెట్టించు. పంపు తీసేసి ఉంటే లీటరు పెట్రోలుకు 25 నుంచి 30 మిల్లీలీటర్లు కొలిచి కలుపు. సీళ్లు మారాక సైలెన్సర్ లోపలి గొట్టం బయటికి తీసి, పట్టిన జిడ్డు మసి గీకి శుభ్రం చెయ్. అది అలాగే ఉంటే పని బాగా జరిగినా పొగ ఆగలేదనుకుంటావు, మళ్లీ పిస్టన్ మాట మొదలవుతుంది.